బెల్లం గోదాములో ప్రాంప్టరు గొయ్యి

ముందుగా కొన్ని గొప్పలు

నర్సీపట్నంలో నాటకమంటే నేనే. నలభై ఏళ్ల పైచిలుకు మా డ్రామా షెడ్డులో నేను లేకుండా తెర లేవలేదు. నా నోటి నుంచి మాట వెళ్లనిదే ఏ రాజూ సింహాసనం ఎక్కలేదు, ఏ పోలీసూ బేడీలు వెయ్యలేదు, ఏ పెళ్లికూతురూ ఏడవలేదు. మొత్తం వెయ్యి ప్రదర్శనలు. నా పనితనం చూడ్డానికి రష్యా దేశం నుంచి ఒక పెద్దమనిషి రెండుసార్లు వచ్చాడు.

ఇప్పుడు నిజం. వెయ్యి కాదు. మా ఆవిడ లెక్కలో రెండు వందలు దాటవు. ఆవిడ లెక్క తప్పదు, ఎందుకంటే నేను భోజనానికి రాని సాయంత్రాలన్నీ ఆవిడకి గుర్తు. నాకు కామెర్లొచ్చిన ఏడు నేను లేకుండానే తెర లేచింది, చక్కగా దిగింది కూడా. రష్యా ఆయన వచ్చింది నాటకం చూడ్డానికి. నేను మధ్యలో కనపడ్డాను, అంతే.

నేను ప్రాంప్టర్ని. నటుడు మాట మరిచిపోతే అతని చెవికి మాత్రమే చేరేలా అందించడం నా పని. పగలు దస్తావేజులు రాసి పొట్ట పోసుకున్నాను కానీ ఆ ఉద్యోగం గురించి రాయడానికేమీ లేదు. నేను ఉద్యోగం అనుకున్నది ఇదే.

మూడేళ్ల కిందట దగ్గు పట్టుకుంది. దగ్గే ప్రాంప్టరూ కుంటి గుర్రమూ ఒకటే. నా చోటులోకి కరుణ వచ్చింది. కృష్ణదేవిపేట రూట్లో బస్సు కండక్టరు. మొదటి రిహార్సల్లో ఆమె అందించిన మాట నటుడితో పాటు బస్టాండులో ఉన్నవాళ్లందరికీ వినపడింది. ఇప్పుడు గుసగుస నేర్చుకుంది. “మావయ్యా, ఈ పనిలో ఏటేటి ఉంటాదో ఒక పుస్తకంలో రాసి ఇయ్యండి, నా ఎనక వచ్చేవోలికి కూడా పనికొస్తాది” అంది. అందుకే ఇది.

ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పడానికే ఇంతసేపూ గొప్పలు చెప్పుకున్నాను. చిట్టినాయుడు అనే మంచి నటుడికి నా మూలంగా మతిమరుపువాడని పేరొచ్చింది. ఆ పేరుతోనే అతను ముసలివాడయ్యాడు. ఈ ఏడాది ఆ పేరు తుడుచుకుపోవాలి, లేకపోతే ఇక ఎప్పటికీ ఉండిపోవాలి అన్న పరిస్థితి వచ్చింది.

షెడ్డు, చీమలు, పుస్తకాలు

మా డ్రామా షెడ్డు ఒకప్పుడు బెల్లం గోదాము. దాని యజమానికి నాటకాల పిచ్చి. బెల్లం ఖాళీ అయిన నెలల్లో మా ముందుతరం వాళ్లని ఆడుకోనిచ్చాడు. తర్వాత బెల్లం మానేశాడు కానీ నాటకాలు మానలేదు. ఆయన పోయాక షెడ్డు మా నాటక సమాజానికి మిగిలింది. ఇప్పటికీ ముసురు పట్టినప్పుడు గోడలు జిగురుగా చెమరుస్తాయి. చీమలు మాకు శాశ్వత సభ్యులు. రాజుగారి కిరీటం పెట్టుకునే ముందు దులపడం ఇక్కడ ఆచారం. కొత్త నటులకి డైలాగు కంటే ముందు అది నేర్పుతాం.

ఏటా ఒక్క నాటకమైనా ఆడాలన్నది మొదటినుంచీ ఉన్న పట్టు. అది తప్పలేదు. ఎలా తప్పలేదో తెలియాలంటే మేకప్ గదిలో ఉన్న ట్రంకుపెట్టె తెరవాలి. అందులో ప్రాంప్టరు పుస్తకాలుంటాయి. ప్రదర్శన అయిపోయాక ఆ సాయంత్రం ఏం జరిగిందో ప్రాంప్టరు పుస్తకం అంచున పెన్సిల్‌తో రాయాలి. నా ముందువాళ్లు రాశారు, నేను రాశాను, కరుణ రాస్తోంది. మా సమాజానికి వేరే చరిత్ర ఏదీ లేదు.

“ఇక్కడ కరెంటు పోయింది. పెట్రోమాక్స్ వచ్చేదాకా రాజుగారు చీకట్లోనే పద్యం లాగారు. వెలుతుర్లో కంటే బాగా పాడారు.”

“తుఫానుకి రేకులు లేచిపోయినవి. తాటాకు చాపలు కప్పి ఆడాము.”

“హీరోయిన్ ఎక్కిన బస్సు నక్కపల్లి దగ్గర ఆగిపోయింది. మూడో అంకం ముందు, రెండో అంకం తర్వాత ఆడాము. ఎవరూ అడగలేదు.”

చివరిది నేను రాసిందే. ఒకాయన అడిగాడు నిజానికి. ఆయన్ని రచయిత అనుకుంటారేమో, కాదు, సోడాలమ్మే ఆయన.

డేవిడ్ మేస్టారు

నాకు పని నేర్పింది డేవిడ్ మేస్టారు. మిషన్ స్కూల్లో తెలుగు చెప్పేవారు, సాయంత్రాలు మా నాటకాలకి డైరెక్టరు, అవసరమైతే రచయిత. ఆయన తిట్టే పద్ధతి వేరు. గొంతు పెంచేవారు కాదు, “సూర్యారావు గారూ” అని ‘గారు’ తగిలించేవారు. ఆ గారు వినపడిందంటే నేను ఏదో ఘోరం చేశానన్నమాట.

మొదటి ‘గారు’ ఎలా వచ్చిందో చెప్తాను. పగలు రాస్తున్న ఒక పొలం దస్తావేజు చిత్తు కాగితం నాటకం పుస్తకంలో ఉండిపోయింది. ప్రేమ సన్నివేశం. హీరో ఆగాడు. నేను పేజీ తిప్పి కనపడింది అందించాను. అతను మహా నమ్మకస్తుడు. హీరోయిన్ చెయ్యి పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, “నీకు తూర్పు హద్దు పుంత రోడ్డు, పడమర హద్దు చీపురుపల్లి సూరి జీడితోట” అన్నాడు.

ఈ కథ నేను ఎన్నో టీ కొట్లలో చెప్పాను. నిజానికి అతను “తూర్పు” దగ్గరే ఆగిపోయాడు. జీడితోట నేను నాటింది. కానీ పాఠం మాత్రం అసలుదే: తెర లేవకముందు పుస్తకంలో ప్రతి పేజీ తిప్పి చూసుకోవాలి.

మేస్టారి దగ్గర నేర్చుకున్నవి ఇంకొన్ని రాస్తాను. మొత్తం వాక్యం ఇవ్వకూడదు, మొదటి మాట చాలు. “నటుడికి చేతికర్ర ఇవ్వు, భుజాన ఎత్తుకోకు” అనేవారు. భావంతో అందించకూడదు. ప్రాంప్టరు ఏడుస్తూ అందిస్తే నటుడికి ఇక ఏడవడానికి ఏమీ మిగలదు. నటుడు తప్పు మాట చెప్పినా కథ నడుస్తోంటే వదిలెయ్యాలి. పుస్తకం గెలవడం ముఖ్యం కాదు.

అన్నిటికంటే పెద్ద పాఠం దగ్గు గురించి. నటుడు ఆగాడు. మరిచిపోయి ఆగాడా, నటిస్తూ ఆగాడా? ఎలా తెలుస్తుంది? నేను అతని మొహం చూసి తేల్చుకునేవాణ్ని, సగంసార్లు తప్పేది.

“మొహం చూడకు” అన్నారు మేస్టారు ఒకరోజు. “మంచి నటుడి మొహం అబద్ధమాడుతుంది, అదే అతని పని. జనాన్ని విను. అతను మరిచిపోతే రెండు అంకెలు లెక్కపెట్టేలోగా ఎవరో ఒకరు దగ్గుతారు, కుర్చీ కదుపుతారు. వాళ్లకి ఇబ్బంది వాళ్లకి తెలియకుండానే తెలుస్తుంది. అతను నటిస్తోంటే ఎవరూ దగ్గరు. దగ్గు వినపడని మౌనం మీద మాట విసిరే ప్రాంప్టరుకి నా షెడ్డులో చోటు లేదు.”

అప్పట్నుంచీ పుస్తకం అంచున ప్రతి ఆగుడుకీ రెండు సంగతులు రాసేవాణ్ని: ఎన్ని అంకెలు లెక్కపెట్టాను, జనం దగ్గారా లేదా. “మూడు. దగ్గారు. అందించాను.” “అయిదు. దగ్గలేదు. ఊరుకున్నాను.” ఇలా. ఇప్పుడు కరుణకీ ఇదే నేర్పాను. నేర్పడమే నా కొంప ముంచింది, అది తర్వాత చెప్తాను.

గన్నయ్య గారు

విశాఖ వైపు పెద్ద కర్మాగారం కట్టడానికి రష్యా ఇంజనీర్లు వచ్చిన రోజులవి. మా ఊరి ఫిట్టర్ సత్యం అక్కడ పనిచేస్తూ వాళ్ల భాష నాలుగు ముక్కలు పట్టుకున్నాడు. ఒక ఇంజనీరుగారు “మీ ఊళ్లో నాటకాలున్నాయా” అని అడిగితే తీసుకొచ్చేశాడు. పేరు గెన్నాదీ. మా ఊరి నోట్లో మధ్యాహ్నానికల్లా గన్నయ్య గారు అయిపోయారు. భారీ మనిషి. ఆయన కూర్చున్న ఇనప కుర్చీ సాయంత్రమంతా మూలుగుతూనే ఉంది.

నాటకమయ్యాక షెడ్డంతా తిరిగి చూశారు. గోడ మీద వేలు పెట్టి నాకి చూశారు. బెల్లం గోదామని సత్యం చెప్తే పగలబడి నవ్వి, వాళ్ల ఊరి సంగతి చెప్పారు. నది ఒడ్డున చిన్న ఊరట. అక్కడ వందేళ్లు దాటిన నాటకశాల ఉందట. అది మొదట్లో పిండి గోదాము. వర్తకులు ఇచ్చారట. యుద్ధంలో చలిమంటకి కట్టెల్లేని ఏళ్లలో కూడా నాటకం ఆపలేదట. రాణి వేషం లోపల పాత కోటు తొడుక్కుని ఆడేవారట, మాట మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చేదట. ఈయన చిన్నప్పుడు వాళ్లమ్మ అక్కడ దుస్తులు కుట్టేదట.

“ఆలదీ గోదామే, మనదీ గోదామే. ఆలకి పురుగు, మనకి సీమ” అని తేల్చాడు సత్యం.

తర్వాత గన్నయ్య గారు నన్ను చూపించి ఏదో అడిగారు. నేను పక్క తెర వెనక టార్చిలైటు పట్టుకుని నిలబడి అందించడం ఆయనకి వింతగా ఉందట. వాళ్ల ఊళ్లో స్టేజీ ముందు అంచున, సరిగ్గా మధ్యలో గొయ్యి ఉంటుందట. అందులో ఒక ముసలామె నడుందాకా దిగి కూర్చుంటుంది. జనానికి కనపడకుండా వెనక గూడులాంటి మూత. ఆమె మొహం నటుల వైపు ఉంటుంది. ప్రతి నటుడికీ ఆమె కళ్లు కనపడతాయి. “మాట అక్కర్లేదు, చాలాసార్లు ఆ కళ్లు చూస్తేనే గుర్తొచ్చేస్తుంది” అన్నారు. కాగితం మీద బొమ్మ గీసి, గూడు చెక్కతో చేసి లోపల గుడ్డ అతికించాలని మరీమరీ చెప్పారు.

నాకు ఆ రోజు నిద్ర లేదు. ఇన్నాళ్లూ తెర పక్కన పడి ఉన్నవాణ్ని, ఇప్పుడు స్టేజీకి నడిమధ్య! మేస్టార్ని నెలరోజులు వేధించాను. ఒప్పుకున్నారు. గొయ్యి తవ్వాం. అడుగు లోతుకే పాత బెల్లం మడ్డి తగిలింది, దాంతో పాటు దేశంలో ఉన్న చీమలన్నీ. కిరసనాయిలు పోసి సిమెంటు చేశాం. గూడుకి చెక్క దొరకలేదు. పాత నూనె డ్రమ్ము సగానికి కోసి బోర్లించాం. గుడ్డ ఎందుకులే అన్నాను నేను.

డ్రమ్ములో మాట్లాడితే ఏమవుతుందో చంటిపిల్లలకి కూడా తెలుసు. నాకు తోచలేదు.

గోతిలో మొదటి సాయంత్రం

మేస్టారు రాసిన ‘గట్టు తగువు’ ఆడుతున్నాం. ఇద్దరన్నదమ్ములు, మధ్య గట్టు మీద హద్దు రాయి. ఎవరో రాయి జరిపారు. నింద పాలేరు మీద పడి, అతను ఊరు విడిచిపోతాడు. చివర్లో పెద్దమనుషులు అడుగుతారు, రాయి ఎవరు జరిపారని. పెద్దన్నయ్య కాసేపు మాట్లాడడు. తర్వాత “రాయి నేనే జరిపాను” అంటాడు. నాటకమంతా ఆ మూడు మాటల కోసమే.

పెద్దన్నయ్య వేషం చిట్టినాయుడిది. ఎస్. రాయవరం దగ్గర చెరకు రైతు. అప్పటికి ముప్పై అయిదేళ్లుంటాయి. పొలం పని చేసుకుని లూనా మీద రిహార్సల్‌కి వచ్చేవాడు. నన్ను బావా అనేవాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు, నాటకమే చుట్టరికం. గన్నయ్య గారు గొయ్యి చూడ్డానికి మళ్లీ వచ్చి ముందువరసలో కూర్చున్నారు.

ఆ సాయంత్రం గురించి ఊరంతటికీ తెలిసిన కథ ఇది: కీలకమైన చోట చిట్టినాయుడు మాట మరిచిపోయాడు. నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. గోతిలోంచి సూర్యారావు సమయానికి అందించి నాటకాన్ని కాపాడాడు. డ్రమ్ము మూలంగా కాస్త గట్టిగా వినపడి జనం నవ్వారు, అది వేరే సంగతి. నాటకమయ్యాక రష్యా పెద్దమనిషి సూర్యారావు దగ్గరికి వచ్చి పెదాల మీద వేలుంచి తల ఊపాడు. అది వాళ్ల దేశంలో పెద్ద కళాకారులకి చేసే గౌరవం.

ఈ కథ నేనే చెప్పాను. మేస్టారు అడిగితే మరిచిపోయానని చిట్టినాయుడు కూడా ఒప్పుకున్నాడు. పుస్తకం అంచున కూడా రాశాను: “ఇక్కడ చి.నా. మరిచాడు. అందించాను.”

తర్వాతి ఏడు ఆ వేషం వేరేవాళ్లకి వెళ్లింది. ఊళ్లో కుర్రాళ్లు అతన్ని “మర్పు నాయుడు” అన్నారు. పెద్ద వేషం ఇవ్వాలనుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు ఆ సంగతి ఎత్తేవారు. అతనికి డాక్టరు, పూజారి, పోస్టుమాన్ వేషాలు మిగిలాయి. ఎంత చిన్న వేషానికైనా వచ్చేవాడు, ఎప్పుడూ ఒక్క మాట తప్పలేదు. నేను గోతిలోంచి చూస్తూనే ఉన్నాను.

ఒక్క ముక్క బ్లూటూత్ గురించి

ఇప్పుడు కొందరు ప్రాంప్టరు ఎందుకు, చెవిలో బ్లూటూత్ పెట్టుకుంటే చాలదా అంటున్నారు. నేను యంత్రాలకి వ్యతిరేకిని కాదు. కిందటేడు ఒక సమాజం వాళ్లు అలాగే ఆడారు. తండ్రి చావు దగ్గర కొడుకు చెవిలోకి ఫోను వచ్చింది, క్రెడిట్ కార్డు కావాలా అని. కుర్రాడు “వద్దండి” అన్నాడు పైకే. జనం అది తండ్రితో అన్నాడనుకుని ఏడ్చారట. బ్లూటూత్‌కి జనం దగ్గు వినపడదు, అదొక్కటే నా అభ్యంతరం.

ఈ ఏటి మీటింగు

ఈసారి, పోయిన మేస్టారిని తలుచుకుంటూ ‘గట్టు తగువు’ మళ్లీ ఆడాలనుకున్నాం. సెక్రటరీ రమణ కుర్రవాడు, అంటే నలభై అయిదేళ్లవాడు. వేషాలు పంచుతుంటే చిట్టినాయుడు లేచాడు. డెబ్బై అయిదు దాటాయి. పంచె మడిచి పట్టుకుని, స్కూలు పిల్లాడిలా నిలబడి అడిగాడు.

“రమణ బాబూ, పెద్దన్నయ్య ఏషం నాకిస్తావేటి?”

రమణ నొచ్చుకుంటూ పాత పుస్తకం తెరిచాడు.

“మీరంటే గౌరవమేనండి. కాని ఆ చోటే నాటకానికి పేనమండి. వయసులో ఉన్నప్పుడే ఇలగయ్యిందని ఇక్కడ రాసుందండి.”

“రాసుంటే రాసుంటాదిలే” అన్నాడు చిట్టినాయుడు. “ఇంక నాను ఆడే నాటకాలెన్ని? ఒక్కసారి అడిగి సూద్దారనిపించింది. పోనీ డాక్టరు ఏషమియ్యి. అందులో నాకు అనుభవం. ‘సారీ, లాభం లేదు.’ సూడు, మర్చిపోనేదు.”

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కూర్చోబోయాడు.

అప్పుడు కరుణ ఆ పుస్తకం రమణ చేతిలోంచి తీసుకుంది. కండక్టరు టిక్కెట్టు తనిఖీ చేసినట్టు చూసింది.

“మావయ్యా, ఇది మీ సేతిరాతే కదేటి?”

“నాదే.”

“మరి అంకె ఏదండి? ఎన్ని లెక్కపెట్టినారు? జనం దగ్గినారా, దగ్గనేదా? పుస్తకమంతా రాసి ఇక్కడొక్కచోటే రాయనేదేటి?”

నలభై ఏళ్లుగా ఆ పేజీ ఎవరూ అలా చదవలేదు. చదవడం నేర్పింది నేను. షెడ్డంతా నా వైపు తిరిగింది.

నేను ఏం చేశానో దాచను. అబద్ధమాడాను. “చీమ” అన్నాను. “గోతిలో చీమ కుట్టింది. పెద్ద గండుచీమ. ఆ బాధలో తొందరపడి అందించేశాను. అతను నిజానికి మరిచిపోయాడో లేదో…”

“సీమా?” చిట్టినాయుడు మెల్లిగా అన్నాడు. “ఆ పొద్దు గోతిలో రెండు సీసాలు కిరసనాయిలు నువ్వే పోసినావు కదా బావా. నా పంచె వారం రోజులు కంపు కొట్టింది. సీమేటి, పాము కూడా వచ్చుండదు.”

ఇంకేముంది. లేచి నిలబడ్డాను. ఎంతోమందికి మాట అందించాను, నాకు అందించడానికి ఒక్కడూ లేడు.

“అతను మరిచిపోలేదు” అన్నాను. “ఏడు లెక్కపెట్టాను. ఒక్కరూ దగ్గలేదు. చంటిపిల్లలు కూడా ఊరుకున్నారు. గన్నయ్య గారి కుర్చీ కూడా మూలగడం ఆపేసింది. గోతిలో నాకు జనం కనపడరు, వినపడతారు. అంత నిశ్శబ్దం ఈ షెడ్డులో నేను ఎన్నడూ వినలేదు. అది అతను నిలబెట్టిన నిశ్శబ్దమని నాకు తెలుసు. స్టేజీకి నడిమధ్య కొత్త గోతిలో కూర్చున్నాను, రష్యా ఆయన ముందు. ఆ ఏడు అంకెల్లో నా అవసరం ఎవరికీ లేదు. అది పట్టలేకపోయాను. మొదటి మాట కూడా కాదు, మొత్తం వాక్యం ఇచ్చాను. గన్నయ్య గారు వేలు పెట్టింది గౌరవానికి కాదు, ‘నోరు మూసుకోవలసింది’ అని. రాసింది అబద్ధం. నేనే.”

రమణ నేల చూస్తున్నాడు. నేను చిట్టినాయుడి వైపు చూడలేకపోయాను. అతనే వచ్చి పక్కన కూర్చున్నాడు.

“నాకు తెల్దేటి? గోతిలో నీ మొగం నాకు కనపడతాది కదా. అందుకే కదా గొయ్యి తవ్వింది.”

“మరి ఆరోజు మేస్టారు అడిగితే మరిచిపోయానని ఎందుకు చెప్పావు?”

“సెప్పకపోతే నిన్ను షెడ్డులోంచి గెంటీసేవోరు. నువ్వెల్లిపోతే, రేపు నిజంగా మర్చిపోయే రోజొస్తే నాకెవడు అందిస్తాడు?” తర్వాత అందరికీ వినపడేలా అన్నాడు. “తీరా ఆ రోజొచ్చీసరికి నీకు దగ్గొచ్చీసింది.”

కరుణ మొదట నవ్వింది. తర్వాత షెడ్డంతా. రమణ వేషాల కాగితం మీద ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాశాడు. “రిహార్సల్‌కి బేగి రావాలండి మరి” అన్నాడు, అధికారం వదులుకోకుండా.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి ఒక మాట. తప్పు చెయ్యడం పెద్ద విషయం కాదు, మేం వారానికొకటి చేశాం. తప్పుని అంచున రాసేటప్పుడు అంకె వదిలెయ్యకండి. వదిలిన అంకె ఎప్పటికైనా ఎవరో ఒకరి కంట పడుతుంది.

ముందువరసలో నేను

ప్రదర్శన కిందటి నెలలో జరిగింది. ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు, అవి మూలగవు. గోతి మీద అదే డ్రమ్ము, లోపల గోనెపట్టా అతికించి చాలా ఏళ్లయింది. కరుణ డ్యూటీ దిగి యూనిఫాంతోనే గోతిలో దిగింది. నేను ముందువరసలో, జేబులో లవంగాలు, భుజాన తువ్వాలు, పక్కన మా ఆవిడ. “దగ్గొస్తే బయటికి పోదురు గాని, మొండికెయ్యకండి” అని ముందే చెప్పింది.

రిహార్సల్స్‌లో చిట్టినాయుడు రెండుసార్లు నిజంగానే మాట మరిచాడు. అది కూడా రాయాలి కదా. వయసు వయసే. కరుణ మొదటి మాట అందించింది, అతను అందుకున్నాడు. కాబట్టి ఆ సాయంత్రం ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు, అతనికి కూడా.

చివరి అంకం. పెద్దమనుషులు అడిగారు: “రాయి ఎవరు జరిపారు?”

చిట్టినాయుడు తన చేతుల వైపు చూసుకున్నాడు. అరచేతులు ఒకదాంతో ఒకటి రాసుకున్నాడు, మట్టి దులుపుకున్నట్టు. ఆగాడు.

ఒకటి. రెండు. మూడు. నా పెదాలు వాటంతటవే కదులుతున్నాయి. నాలుగు. అయిదు. ఆరు. ఏడు. ఏడు దాటింది. ఎనిమిది. నాకు గొంతులో మొదలయింది. మూడేళ్లుగా ఎరిగిన దగ్గు. ఈ మౌనంలో నేను దగ్గితే పక్కవాడు దగ్గుతాడు, తర్వాత వరసంతా. కరుణ వింటోంది, దగ్గు వినపడితే అందిస్తుంది, అలా నేర్పింది నేనే. రెండోసారి కూడా అతని నిశ్శబ్దాన్ని నేనే పాడుచేసినవాణ్నవుతాను. లేచి వెళ్లడానికి లేదు, కుర్చీ జరిగితే చప్పుడవుతుంది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. తొమ్మిది. కళ్లంట నీళ్లు. పది. మా ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి గట్టిగా అదిమింది. పదకొండు.

“రాయి,” అన్నాడు చిట్టినాయుడు, “నేనే జరిపాను.”

తర్వాత నేను ఎంత దగ్గానో దేవుడికెరుక, చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. పక్కసీటాయన నేను నటనకి కదిలిపోయి వెక్కివెక్కి ఏడ్చానని మర్నాడు టీ కొట్లో చెప్పాడట. నేను కాదనలేదు. నలభై ఏళ్ల అలవాటు ఒక్క మీటింగుతో పోతుందా.

మేకప్ గదిలో చిట్టినాయుడు కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్నాడు. అడక్కుండా ఉండలేకపోయాను.

“నిజం చెప్పు. నటించావా, మరిచిపోయావా?”

“నీకు సెప్తే ఎక్కడో ఒకచోట రాసీస్తావు” అన్నాడు, అద్దంలోంచే.

కరుణ పాత పుస్తకం తెచ్చి పెన్సిల్ నా చేతికిచ్చింది. పాత రాత కొట్టేశాను. కింద రాశాను: “ఏడు. ఎవరూ దగ్గలేదు. అతను మరవలేదు. తప్పు నాది.” రాస్తుండగా ఆమె తన కొత్త పుస్తకం పక్కనే పెట్టింది. అదే చోట, అంచున, కండక్టర్లు టిక్కెట్టు మీద రాసే గొలుసుకట్టు రాతలో ఇలా ఉంది:

“పదకొండు. ఎవరూ దగ్గలేదు. ఊరుకున్నాను.”

ఆ ‘ఎవరూ’లో నేను కూడా ఉన్నాను.